జోడీ ఎవరు?

ఆటల పేజీ చదివే అలవాటున్నవారు గమనించే ఉంటారు. టెన్నిస్‌లో సింగిల్స్ గెలిచినవారికి పెద్ద బొమ్మ వేస్తారు, నాలుగు కాలమ్‌ల శీర్షిక పెడతారు. డబుల్స్ గెలిచిన ఇద్దరికీ కలిపి చివర్లో రెండే వాక్యాలు. ఆ రెండు వాక్యాల వెనక ఇరవయ్యేళ్ల బతుకు ఉండవచ్చునని నాకు తెలియజెప్పినవాడు రాజీవ్ రామ్ అనే ఆటగాడు.

మా తాతల నాడు నెల్లూరు జిల్లా నుంచి మదరాసు చేరిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బ్యాంకు ఉద్యోగం, సాయంత్రం సభల్లో కచేరీలు, జనవరి వస్తే నుంగంబాకం స్టేడియంలో టెన్నిస్. ఇలా గడిచింది నా కాలం. చెన్నై ఓపెన్ 1997 నుంచి 2017 దాకా ఏటా ఇక్కడే జరిగి, తర్వాత పుణేకి తరలిపోయింది. ఆ ఇరవై యేళ్లలో నాకు బాగా గుర్తున్నది 2009. ఆ ఏడు ఊరంతా సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ పేరే. వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున రెండుసార్లు అమెరికా కాలేజీల సింగిల్స్ విజేతగా నిలిచిన ఆ కుర్రాడు ఇక్కడ ఫైనల్ దాకా వచ్చి చిలిచ్ చేతిలో ఓడిపోయాడు.

అదే వారం డబుల్స్ కప్పు ఎరిక్ బ్యుటోరాక్, రాజీవ్ రామ్ గెలుచుకున్నారు. వాళ్ల చేతిలో ఓడినవారిలో ఒకడు, అయిదు నెలల ముందే ఫెదరర్‌తో కలిసి బీజింగ్ ఒలింపిక్స్ స్వర్ణం తెచ్చుకున్న వావ్రింకా. అంతకు ముందు ఒక మధ్యాహ్నం వాళ్ల ఆట చూశాను. జనం పలచగా ఉన్నారు. రామ్ ఆరడుగులు దాటిన మనిషి. సర్వీసు చేసి ఆ ఊపులోనే నెట్ దగ్గరికి నడిచి వచ్చేవాడు. పాయింటు పోయినా, వచ్చినా ఇద్దరూ దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పుకొని విడిపోయేవారు. కచేరీలో మృదంగం వాయించే ఆయన గాయకుడి ముఖం చూసి తల ఆడిస్తాడే, నాకు అది జ్ఞాపకం వచ్చింది. రామ్‌కు పెద్ద స్థాయి పోటీల్లో అదే మొదటి టైటిల్ అని తర్వాత తెలిసింది. తల్లిదండ్రులు బెంగళూరు నుంచి అమెరికా వెళ్లినవారని కూడా పత్రికలోనే చదివాను. అప్పటినుంచి ఆ పేరు ఎక్కడ కనిపించినా ఆగి చదువుతూ వచ్చాను.

1984లో డెన్వర్‌లో పుట్టి, ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్‌లో పెరిగినవాడు రామ్. 2003 జనవరిలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ఆడింది ఒక్క సీజనే. ఆ ఏడాది ఇల్లినాయ్ జట్టు 32 మ్యాచ్‌లు ఆడి 32 గెలిచింది. జాతీయ ఫైనల్లో వాండర్‌బిల్ట్ మీద 4–3తో బయటపడింది. సింగిల్స్ బిరుదు ఆ కాలేజీకే చెందిన అమెర్ డెలిచ్ గెలిస్తే, డబుల్స్ బిరుదు బ్రయన్ విల్సన్‌తో కలిసి రామ్ గెలిచాడు. వాళ్ల శిక్షకుడు క్రెయిగ్ టైలీ తర్వాత ఆస్ట్రేలియన్ ఓపెన్ నడిపే పెద్ద అయ్యాడు.

అమెరికా కాలేజీ టెన్నిస్ పద్ధతి మన పాఠకులకు కొంచెం చెప్పాలి. రెండు కాలేజీలు తలపడితే మొత్తం ఏడు పాయింట్లు. మొదట మూడు డబుల్స్ జోడీలు పక్కపక్క కోర్టుల్లో ఒకేసారి దిగుతాయి. మూడింట రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. ఆ తర్వాత ఆరు సింగిల్స్‌కు ఆరు పాయింట్లు. నాలుగు ఎవరికి ముందు వస్తే వారిది గెలుపు. 4–3 ఫలితంలో ఆ ఒక్క డబుల్స్ పాయింటు విలువ ఎంతో లెక్క వేసి చూడండి. అందుకే అక్కడి శిక్షకులు డబుల్స్‌ను పక్కకు నెట్టరు. పద్దెనిమిదేళ్ల పిల్లలకు, ఒంటరిగా టోర్నమెంట్లు తిరిగినవాళ్లకు, తన తప్పుకు ఇంకొకడు నష్టపోతాడన్న సంగతి మొదటిసారి తెలిసేది అక్కడే. ఇంకొకడి తప్పును మొహంలో చూపకుండా మింగడం నేర్చుకునేదీ అక్కడే.

కాలేజీ వదిలి 2004లో వృత్తి ఆటగాడైన రామ్ చాలాకాలం సింగిల్స్ కోసమే పాటుపడ్డాడు. 2009 జులైలో న్యూపోర్ట్ పోటీకి అర్హత మ్యాచ్‌ల్లో ఓడిపోయాడు. ఇంతలో మార్డీ ఫిష్ అనే అగ్ర ఆటగాడు డేవిస్ కప్ జట్టు పిలిచిందని తప్పుకోవడంతో, ఖాళీ అయిన ఆ చోటు 'లక్కీ లూజర్'గా రామ్‌కు దక్కింది. ఆ వారాంతానికి సింగిల్స్ కప్పు, జోర్డన్ కెర్‌తో కలిసి డబుల్స్ కప్పు, రెండూ అతని చేతిలో ఉన్నాయి. 2015లో అక్కడే మళ్లీ సింగిల్స్ గెలిచాడు. ప్రపంచ సింగిల్స్ పట్టికలో 56 దాకా ఎక్కాడు. అంతకంటే పైకి పోలేదు. ఆ తర్వాత సింగిల్స్ వదిలి పూర్తిగా డబుల్స్ పట్టుకున్నాడు. అప్పటికి ముప్ఫయి దాటి మూడు నాలుగేళ్లు. చాలామంది ఆటగాళ్లు రాకెట్ గోడకు తగిలించే వయసు.

2016 రియో ఒలింపిక్స్ నాడు మా ఇంట్లో జరిగినది చెప్పాలి. మిక్స్‌డ్ డబుల్స్ సెమీ ఫైనల్. ఒకవైపు హైదరాబాదు సానియా మీర్జా, కొడగు బోపన్న. అవతల వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్. మా చెల్లెలు మెట్టినిల్లు బెంగళూరు మల్లేశ్వరం. మొదటి సెట్ 6–2తో మనవాళ్లకు రాగానే ఫోన్ చేసింది. రెండోది 2–6తో పోయింది. చివరి టైబ్రేక్ 3–10. మళ్లీ ఫోన్. "అన్నయ్యా, ఓడించినవాడూ బెంగళూరు వాళ్లబ్బాయేనట గదా! ఎవరి మీద కోపం తెచ్చుకోను?" అంది. రెండు ఊళ్లకు చెందిన మనబోటివాళ్లకు ఇటువంటి చిక్కు కొత్తది కాదు. మన పిల్లలు ఏ జెండా కింద ఆడినా ఒక కన్ను అటు పోతూనే ఉంటుంది.

రియోలో అతనికి దక్కింది రజతం. 2019 జనవరిలో క్రెజికోవాతో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచాడు. మొదటి గ్రాండ్‌స్లామ్ అదే. అప్పటికే తండ్రికి క్యాన్సర్. కొడుకు గెలుపు విని ఆ ఏప్రిల్‌లో ఆయన వెళ్లిపోయారు. మరుసటి ఏడు మెల్‌బోర్న్‌లోనే, జో సాలిస్‌బరీతో కలిసి పురుషుల డబుల్స్ కప్పు ఎత్తాడు. గ్రాండ్‌స్లామ్ పురుషుల డబుల్స్‌లో అది అతని 58వ ప్రయత్నం. వయసు 35. ఏడాదికి నాలుగే గ్రాండ్‌స్లాములు. 57 సార్లు ఓడి, 58వ సారి పేరు నమోదు చేయించుకోవడం అంటే ఏమిటో ఇంట్లో కూర్చుని ఊహించడం కష్టం.

జో సాలిస్‌బరీ కూడా అమెరికా కాలేజీలో పండిన కాయే. ఇంగ్లండు నుంచి మెంఫిస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఆడినవాడు. ఈ ఇద్దరూ 2021, 2022, 2023 వరుసగా మూడేళ్లు యు.ఎస్. ఓపెన్ గెలిచారు. ఓపెన్ యుగంలో అంతకు ముందు ఏ పురుషుల జోడీకీ అది సాధ్యపడలేదు. 2022 అక్టోబరులో, 38 ఏళ్ల వయసులో, రామ్ మొదటిసారి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2023 ఫైనల్లో అవతల ఉన్నవాడు 43 ఏళ్ల బోపన్న. బంతి తన చేతిని రాసుకుపోయిందని అంపైర్ అడగకుండానే తానే చెప్పి పాయింటు వదిలేశాడు. మ్యాచ్ పోయింది. నాలుగు నెలలకు ఆస్ట్రేలియాలో కప్పూ గెలిచాడు, నంబర్ వన్ కూడా అయ్యాడు. లేటు వయసులో శిఖరం ఎక్కినవాడన్న రికార్డు అలా రామ్ నుంచి బోపన్నకు వచ్చింది.

ఇంత గెలిచినా లోకం చూపు మారిందా అంటే, లేదు. 2022 నవంబరులో రామ్, సాలిస్‌బరీ ట్యూరిన్‌లో ఏటీపీ ఫైనల్స్ గెలిచారు. అదే వారం డేవిస్ కప్ క్వార్టర్ ఫైనల్. అమెరికా జట్టులో రామ్‌కు చోటు లేదు. డబుల్స్ వేరేవాళ్లతో ఆడించారు. ఆ డబుల్స్ ఓడి ఇటలీ చేతిలో 2–1తో ఇంటిదారి పట్టారు. ఆ జట్టు కెప్టెన్ ఎవరనుకున్నారు? 2009లో ఎవరు తప్పుకోగా రామ్ న్యూపోర్ట్ గెలిచాడో, ఆ మార్డీ ఫిష్.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మా చెల్లెలి మనవరాలు అమెరికాలో ఒక కాలేజీ జట్టుకు ఆడుతోంది. చదువు వచ్చే ఏడుతో అయిపోతుంది. సింగిల్స్‌లో జట్టులో అయిదో స్థానం, డబుల్స్‌లో మొదటి జోడీ. చదువయ్యాక రెండేళ్లు డబుల్స్ ఆడి చూస్తానంటుంది. వాళ్ల నాన్న, అంటే నా మేనల్లుడు, ఉద్యోగం చూసుకోమంటాడు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మొన్న మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

"మామయ్యా, సింగిల్స్ ఆడలేనివాళ్లకే గదా డబుల్స్? అందులో ఏం మిగులుతుంది?"

అతని భయం వట్టిది కాదు. 2023 యు.ఎస్. ఓపెన్‌లో సింగిల్స్ విజేతకు ముప్ఫయి లక్షల డాలర్లు ఇస్తే, డబుల్స్ జోడీకి ఇద్దరికీ కలిపి ఏడు లక్షలు. అది శిఖరం మీది లెక్క. కింద చిన్న టోర్నమెంట్లలో వచ్చేది విమానం టిక్కెట్టుకు చాలితే గొప్ప. జోడీ కుదరాలి. కుదిరినవారికి జబ్బు చేయకూడదు. అవతలి మనిషికి పెళ్లో, ఉద్యోగమో అడ్డు వస్తే మళ్లీ మొదటికి. ఇవన్నీ దాచకుండా చెప్పాను. దానితోపాటు రామ్ కథ కూడా చెప్పాను. మన ఆంధ్రదేశపు సాకేత్ మైనేని సంగతీ చెప్పాను. అలబామా విశ్వవిద్యాలయంలో చదివి ఆడిన ఆ అబ్బాయి, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి స్వర్ణం తెచ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాత 2023లో హాంగ్‌ఝౌలో రామ్‌కుమార్‌తో కలిసి రజతం తెచ్చాడు.

"రామ్‌లాంటివాడు లక్షలో ఒకడు, మామయ్యా," అన్నాడు.

"నిజమే. నీ కూతురు నంబర్ వన్ కావాలని అడగడంలేదు. తనకు దేనిలో చేయి తిరిగిందో దానికి రెండేళ్లు ఇమ్మంటోంది. చదువు చేతిలోనే ఉంటుంది గదా," అన్నాను.

అతను సమాధానం చెప్పలేదు. కాఫీ తాగి వెళ్లాడు. వారం తర్వాత చెల్లెలు ఫోన్‌లో చెప్పింది: రెండేళ్ల ఖర్చు లెక్క కట్టి కాగితం మీద వేయమని కూతురికి రాశాడట. ఆ అమ్మాయి వేసి పంపిందట. ఇద్దరూ ఆ కాగితం మీదే తగవులాడుకుంటున్నారట. మాటలు లేకుండా ఉండడం కంటే అది నయం.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో నలభై యేళ్ల రామ్ ఇంకొకసారి కనిపించాడు. జోడీ ఆస్టిన్ క్రాజిచెక్. ఇతనూ కాలేజీ డబుల్స్ విజేతే, టెక్సస్ ఎ అండ్ ఎం విద్యార్థి. క్వార్టర్ ఫైనల్లో అవతల నడాల్, అల్కరాజ్. రోలాండ్ గారోస్ కోర్టు నడాల్‌కు సొంత ఇల్లు. జనమంతా వాళ్లవైపే. సింగిల్స్‌లో వాళ్ల ముందు ఈ ఇద్దరూ ఎంతసేపు నిలుస్తారో నేను చెప్పనక్కరలేదు. డబుల్స్‌లో మాత్రం 6–2, 6–4తో గెలిచి, చివరకు రజతంతో ఇంటికి వెళ్లారు. మరునాటి పత్రికలో బొమ్మ నడాల్‌దే.

మన పిల్లలు టెన్నిసో, షటిలో ఆడుతూ కనిపిస్తే, వాళ్లు డబుల్స్ ఆడుతున్నామని చెబితే, "సింగిల్స్ ఏమైంది?" అని అడగకండి. "జోడీ ఎవరు?" అని అడగండి. మా మనవరాలి జోడీ పోలండు పిల్ల. ఆ అమ్మాయికి మా చెల్లెలు ఆవకాయ పంపించింది.