ఏమీ రానివాళ్ళు కూడా రావచ్చన్న పోటీ

ఈసారి నేను కథ రాయలేదు. మా కంప్యూటర్ సారు చెప్పిన ఒక పోటీ గురించి రాస్తున్నాను. దాని పేరు ‘మాస్టర్ ద మెయిన్‌ఫ్రేమ్’. ఐబీఎం కంపెనీవాళ్ళు 2005లో అమెరికాలో విద్యార్థుల కోసం మొదలుపెట్టారు. తర్వాత చాలా దేశాల పిల్లలు పాల్గొన్నారు.

మెయిన్‌ఫ్రేమ్ అంటే మన ల్యాబులో ఉన్నలాంటిది కాదు. బీరువా అంత ఉంటుంది. మనం దాని ముందు కూర్చోము, మన కంప్యూటర్లోంచి నెట్ ద్వారా దాంట్లోకి వెళ్తాము. ఒకేసారి వేలమంది వాడుకోవచ్చు. పెద్ద బ్యాంకుల లెక్కలు దాంట్లోనే నడుస్తాయి. ఇప్పటివాటికి మూలమైన సిస్టం 360ని 1964 ఏప్రిల్ 7న ప్రకటించారు. మా తాత అప్పటికి పిల్లవాడు.

పోటీ ఎందుకు పెట్టారంటే, ఈ మెషిన్లు తెలిసినవాళ్ళు ముసలివాళ్ళయి రిటైరైపోతున్నారు. 2020 ఏప్రిల్లో కరోనా వల్ల అమెరికాలోని న్యూజెర్సీలో ఎంతోమందికి పనులు పోయాయి. వాళ్ళకి భృతి ఇచ్చే కంప్యూటర్లు పాతవి, కోబాల్ భాషలో రాసినవి. కోబాల్ 1959లో మొదలైన భాష. అది వచ్చినవాళ్ళు సాయానికి రండి అని గవర్నరే అడిగారట! మా ఊళ్ళో మందుచెట్లు తెలిసిన ముసలాయన ఉండేవాడు. ఎవరూ నేర్చుకోలేదు, పోయినేడు చనిపోయాడు. అంత పెద్ద దేశానికి కూడా ఇదే కష్టమా అనుకున్నాను.

పోటీలో మూడు భాగాలు ఉండేవి. మొదటిది సులువు, మూడోది నిజం ఉద్యోగులు చేసేలాంటి పని. మధ్యలో జేసీఎల్ అని వచ్చేది. అది మెషిన్‌కి పెట్టుకునే అర్జీ లాంటిది. ఏ ప్రోగ్రాం నడపాలి, ఏ ఫైలు తీసుకోవాలి, ఫలితం ఎక్కడ పెట్టాలి అని రాయాలి. వరుసకి 80 గడులే. పూర్వం చిల్లులు పెట్టిన అట్టకార్డులకి 80 నిలువు వరుసలు ఉండేవి, అందుకని. చివరి 8 గడుల్లో రాసింది లెక్కలోకి తీసుకోదు. గోడపత్రికలో మార్జిన్ దాటితే తెలుగు మేడం కొట్టేసినట్టే!

పని అయ్యాక మెషిన్ ఒక నంబరు ఇస్తుంది. 4 వస్తే హెచ్చరిక, 8 వస్తే తప్పు, సున్నా వస్తే అంతా బాగున్నట్టు. మన పరీక్షల్లో సున్నా వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడ ఎగిరి గంతెయ్యాలి. తప్పు వస్తే తిట్టదు. ఏం జరిగిందో రాసి ఇస్తుంది, దిద్ది మళ్ళీ పంపుకోవచ్చు.

ముందు ఏమీ తెలిసి ఉండక్కర్లేదు అన్నారు చూడండి, నాకు అదే నచ్చింది. మన ఇళ్ళల్లో చెప్పేవాళ్ళు లేరు. మా అమ్మ సంతలో చేత్తో ఎత్తి చూసి తూకం చెప్పేస్తుంది గాని కాగితం మీద వేలిముద్రే వేస్తుంది. ట్యూషన్లు ఉన్న పిల్లలతో పోటీ అంటే నాకు భయం. కానీ ఈ మెషిన్ పట్నం పిల్లలకీ కొత్తే కదా. ఇంగ్లీషు ఒక్కటే అడ్డం. అది చిన్న అడ్డమేం కాదు, సారు ఒక్క పేజీ విడమర్చి చెప్పడానికి గంట పట్టింది.

2021లో ఆ పోటీ చోట ‘జెడ్ ఎక్స్‌ప్లోర్’ అని వచ్చింది. ఫీజు లేదు. ఒక్కో పని చేసుకుంటూ నేర్చుకోవడమే. నేనూ, ఎనిమిదో తరగతి చెల్లెళ్ళిద్దరూ సారుకి పేర్లు ఇచ్చాం. వార్డెన్ మేడం గారికి మా మనవి ఏమంటే, ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక ల్యాబు తాళం రెండు గంటలు ఇప్పించండి. ఇంకా వచ్చేవాళ్ళు ఉంటే డిక్షనరీ తెచ్చుకోండి, మాకు ఒక్కటే ఉంది.