బ్రేకులలోని గాలి

ఈ సంచికలో కావ్యములను గూర్చియు కళలను గూర్చియు వ్రాయుటకు పెద్దలు కలరు. మెట్రిక్యులేషను మాత్రము చదివి, గుమాస్తాగిరి చేసి విశ్రాంతి గైకొన్న మాకు అంతటి పాండిత్యము లేదు. మా యింటి ముంగిట నేర్చుకొన్న యొక చిన్న పనిని మాత్రము విన్నవించుకొందుము.

మేము నాలుగు తరములుగా బరంపుర వాసులము. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి గంజాము అందు చేరినపుడు మా తాతగారు ఇచ్చటనే నిలిచిపోయిరి. పండుగలకు మా పాత కారులో శ్రీకాకుళపు బంధువుల యిండ్లకు పోవుట మాకు వాడుక.

రెండేండ్ల క్రిందట మనుమని వెంటబెట్టుకొని తప్తపాణి వేడినీటి బుగ్గను చూచి, ఘాటీ దిగుచుండగా బ్రేకు పెడలు మెత్తబడి అడుగున కంటుకొనెను. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, ప్రక్కనున్న మట్టిగట్టున కానించి ఎట్లో ఆపితిమి. చల్లారిన పిమ్మట పెడలు మరల గట్టిపడెను. మనుమడు వేడుకగా నవ్వుచుండెను. మా చేతులు వణకుచుండెను.

బ్రేకు ఆయిలని మనమనునది నూనె కాదు. గాలిలోని తేమను పీల్చుకొను ద్రవము. డాట్ 3 రకము క్రొత్తదైనచో 205 డిగ్రీల సెంటిగ్రేడు లోపల మరుగరాదు. తేమ పట్టిన పిదప ఆ హద్దు 140కి దిగును. ఘాటీలో బ్రేకులు కాగి ద్రవము ఆవిరియయ్యెను. ద్రవము అణగదు గనుక పాదపు ఒత్తిడిని చక్రమునకు చేర్చును. ఆవిరిగాని గాలిగాని తానే అణగిపోవును.

పూర్వము ఈ ద్రవమును మేమిద్దరమును మార్చెడివారము. మా యిల్లాలు సీటులో కూర్చుండి "తొక్కితినండీ" యనగా, మేము చక్రముకడ నిపిలు వదలి బిగించెడివారము. ఆమె మోకాళ్ళు చెడిన నాటినుండి, అనగా ఆరేండ్లుగా, ఆ పని మూలబడెను. దోషము మాదే.

అందుచే ప్రెషరు బ్లీడరును కొంటిమి. అది తోటలో మందు కొట్టు పంపువంటి డబ్బా. దాని గొట్టమును మాస్టరు సిలిండరుపై మూతగా బిగింపవలెను. మొదట వట్టి గాలి కొట్టి, మూత కారుట లేదని చూచుకొనవలెను. తొలిసారి మేమట్లు చేయక పోవుటచే ద్రవము చిమ్మి మడ్గార్డు రంగు ఊడినది. వెంటనే నీళ్ళు కుమ్మరించినచో నిలిచియుండెడిది.

చక్రములకు అడ్డుపెట్టి, కారును జాకీపై గాక స్టాండ్లపై నిలిపి, చదరపు అంగుళమునకు 10 పౌనుల ఒత్తిడి పెట్టితిమి. దూరముననున్న ఎడమ వెనుక చక్రముతో మొదలిడి, కుడి వెనుకది, ఎడమ ముందుది, కుడి ముందుది వరుసగా ముగించితిమి. ఇతరులు తమ కారు పుస్తకములోని క్రమమును పాటింతురు గాక. నిపిలునకు తొడిగిన గొట్టమునుండి మొదట కాఫీరంగు ద్రవమును బుడగలును, తుదకు తేరిన ద్రవమును సీసాలోనికి వచ్చును. డబ్బా అడుగంటినచో గాలి చొరబడి పని మొదటికి వచ్చును. మూత విప్పుటకు ముందు ఒత్తిడి వదలుట మరువరాదు.

ఒక్కరే చేయదగిన సాధనమిది. అయినను మా యిల్లాలు అరుగుపై కుర్చీ వేయించుకొని, "ఇంకను బుడగలు వచ్చుచున్నవి, బిగింపకండి" అని చెప్పుచుండెను. తుదకు తానే మెల్లగా లేచివచ్చి, పెడలు త్రొక్కి, "రాయివలె నున్నదండీ" యనెను.

ఆ తేదీని డైరీలో వ్రాసితిమి. రెండేండ్లు నిండినవి. మనుమడు తప్తపాణికి మరల పోదమనుచున్నాడు. ముందుగా క్రొత్త ద్రవపు సీసా తెచ్చెదము.