ఒకటి నుంచి ఇరవై దాకా

పోయినేడు కార్తీకమాసంలో తెల్లవారుజామున తులసికోట దగ్గర కాలు జారి పడ్డాను. కుడి భుజం కీలు ముక్కలైంది. 72 ఏళ్ళ ఎముక సరిగ్గా అతకడం కష్టమని చెప్పి డాక్టరుగారు కొత్త కీలు అమర్చారు. ఆపరేషను ఒక్క పూటలో అయిపోయింది. ఆ చెయ్యి మళ్ళీ నా మాట వినడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది.

మొదటి 6 వారాలూ చెయ్యి స్లింగులోనే. వేళ్ళు ముడిచి విప్పడం, మణికట్టు తిప్పడం, మోచెయ్యి చాచి ముడవడం, ఇంతే పని. మూడో వారంలో ఒక తప్పు చేశాను. ప్రతిదానికీ కోడల్ని పిలవడం నామోషీగా తోచి, కుర్చీమీద కుడిచెయ్యి మోపి లేచాను. ప్రాణం పోయినంత నొప్పి! కీలు తొలగలేదు కాని, "అతుక్కుంటున్న కండరం మీద ఒంటి బరువంతా వేస్తారా?" అని డాక్టరుగారు మందలించారు.

తర్వాత ఎడమచెయ్యి బల్లకు ఆనించి, ముందుకు వంగి, కుడిచేతిని గోడగడియారం లోలకంలా వేలాడదీసి ఊపమన్నారు. చేతితో బలం పెట్టకూడదు, ఒంటి ఊపుకే అది ఊగాలి. నేర్పడానికి వచ్చిన అబ్బాయి మా బరంపురం వాడే, ఒడియాలో లెక్కపెట్టేవాడు. అతను వెళ్ళాక ఆ పని మా మనవరాలిది. కోడలు ఒడియా పిల్ల. పాపకు తెలుగు అర్థమవుతుంది కాని అంకెలు రావు. "తెలుగులో లెక్కపెడితేనే నా చెయ్యి కదులుతుందమ్మా" అన్నాను. అబద్ధమే! పాప నమ్మింది. పదకొండు దగ్గర అది తడబడి ఆగితే నా చెయ్యీ ఆగేది.

ఆపైన వెల్లకిలా పడుకుని, రెండు చేతులా కర్ర పట్టుకుని, ఎడమచేతి ఊతంతో కుడిచేతిని లేపడం. గోడమీద వేళ్ళు పైకి పాకించడం. అందినచోట పాప పెన్సిలుతో గీత పెట్టేది. కొన్నాళ్ళు గీత నిన్నటికంటే కిందే ఉండేది. చాటుగా ఏడ్చిన రోజులున్నాయి.

ఎవరికి ఏ వ్యాయామం, ఎప్పుడన్నది వారి డాక్టరే చెప్పాలి. నేను చెప్పగలిగింది ఒక్కటే. తొందరపడకండి, మానకండి.

ఇప్పుడు బొట్టు నేనే పెట్టుకుంటాను, అన్నం నేనే కలుపుకుంటాను. అటకమీది డబ్బా అందదు. జడ ఇంకా కోడలే వేస్తుంది. అది నామోషీ అనిపించడం మానేసింది.

పాపకు ఇరవై దాకా వచ్చేసింది. "మామ్మా, ఎడమచేతికి ఎప్పుడు మొదలుపెడదాం?" అని అడుగుతోంది!