పట్టము పుచ్చుకొన్న పిమ్మట

కళాశాల చదువు ముగించి పట్టము చేతబట్టుకొని యింటికి వచ్చిన యాడుపిల్లను జూచి లోకము రెండే ప్రశ్నలు వేయును. "ఉద్యోగ మెప్పుడు?" అనునది మొదటిది. "పెండ్లి యెప్పుడు?" అనునది రెండవది. ఈ రెంటి నడుమ మూడవ త్రోవ యొకటి గలదనియు, స్వంతముగా నొక వ్యాపారము నెలకొల్పుటయే యా త్రోవ యనియు జెప్పినచో వినువారు నవ్వుదురు, లేదా జాలిపడుదురు. కొలువు దొరకనందున నీ యాలోచన పుట్టినదని వారి తలంపు. ఆ మూడవ త్రోవను గూర్చి నేను తెలిసికొన్న నాలుగు మాటలు సోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

మాది మోతె. సూర్యాపేటనుండి ఖమ్మమునకు బోవు రహదారిమీది గ్రామము. 2016వ సంవత్సరము అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో నుండి, అటుపిమ్మట సూర్యాపేట జిల్లాలో జేరినది. వరియు, ప్రత్తియు, మిరపయు మా ప్రాంతపు పంటలు. మిరప యెక్కువగా ఖమ్మము మార్కెట్టునకు బోవును. అచ్చట తేజ యను రకమునకు మంచి పేరు. నేను సూర్యాపేటకు మూడేండ్లు బస్సులో బోయివచ్చుచు బీకాము చదివితిని.

చదువు ముగిసిన తోడనే నా సహాధ్యాయినులలో గొందరు హైదరాబాదు అశోక్‌నగరమున గది యద్దెకు దీసికొని సర్కారు కొలువుల పరీక్షలకు సిద్ధపడ మొదలిడిరి. కొందరికి లగ్నములు కుదిరినవి. వ్యాపారము చేయవలెనను కోరిక గలవారును ఇద్దరు ముగ్గు రుండిరి. "కోరిక యున్నది గాని పూనిక రాలేదు" అని వారు చెప్పుచుందురు. పూనిక వానవలె పైనుండి కురియునని వారి నమ్మకము. అందుకై ఫోనులో ఘనుల యుపన్యాసములు విందురు. అవి చెవిలో నున్నంతసేపు కొండనైనను పిండిచేయుద మనిపించును. పొయ్యిమీది పాలు పొంగునప్పటికి ఆ వేడి చల్లారును.

నాకు పూనిక కలిగిన విధము మిక్కిలి సామాన్యము. హైదరాబాదులో నున్న మా మేనత్త రెండు కిలోల కారము పంపుమని యడిగెను. అమ్మ యెప్పటివలెనే పంపినది. అత్తయ్య ఈమారు డబ్బు పంపి, "ఊరక తీసికొన్నచో మరల నడుగుటకు నోరు రాదు. మా వీథిలో నింక నలుగు రడుగుచున్నారు. ధర యెంతో చెప్పు" అని కబురంపెను. ధర చెప్పుటకు లెక్క కావలెను. లెక్కకై కలము పట్టితిని. నా వ్యాపార మా కాగితముమీదనే యారంభమైనది.

ఆ లెక్క నిచ్చట వ్రాయుచున్నాను. పది కిలోల ఎండుమిరప, కిలో 200 చొప్పున, 2,000 రూపాయలు. తొడిమలు దీసి తాలుకాయ లేరివేయగా నొక కిలో తగ్గినది. గిర్నిలో బట్టించగా పావుకిలో పోయి, ఎనిమిది ముప్పావు కిలోల కారము మిగిలినది. గిర్నికి 180, సంచులకు 150, ఆటోకును బస్సు పార్సిలుకును 120. వెరసి 2,450 రూపాయలు. అనగా కిలో 280 రూపాయలకు వచ్చినది. 340 చొప్పున నమ్మగా 525 రూపాయలు మిగిలినవి. నేను సంతోషించుచుండగా అమ్మ, "బిడ్డా! నీవును నేనును రెండేసి దినములు కూర్చుంటిమి గదా, మన కూలి యెక్కడ వ్రాసినావు?" అని యడిగెను. నాలుగు దినములకు బంచిచూడగా దినమునకు 131 రూపాయలు. చేనిలో మిరపకాయ లేరబోయినను ఇంతకంటె నెక్కువ వచ్చును.

స్త్రీల శ్రమను లెక్కలో వేయకుండుట మన యిండ్లలో తరతరముల యలవాటు. అమ్మ యడిగిన ప్రశ్న నాకు కళాశాలలో నెవరును నేర్పని పాఠము. అది మొదలు కూలి వ్రాయని లెక్కను లాభమని నేను పిలువలేదు. కోత ముమ్మరముగా నుండి ధర తగ్గునప్పుడే యాబది కిలోలు కొంటిమి. తొడిమలు దీయు పని యిరుగుపొరుగు స్త్రీల కిద్దరికి కూలికిచ్చితిమి. తేజకు ఘాటెక్కువ, రంగు తక్కువ. వరంగల్లు చపాట మిరపకు రంగెక్కువ, ఘాటు తక్కువ. దీనికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. రెంటిని గలిపినచో నే రంగును వేయకయే యెఱ్ఱని కారము వచ్చును. ఈమారు అందరి కూలియు, మా యిద్దరి కూలియు వ్రాసిన పిమ్మటను 1,900 రూపాయలు మిగిలినవి. సొమ్ము స్వల్పమే; కాని మరునాడు తెల్లవారకముందే నాకు మెలకువ వచ్చినది. ఉపన్యాసములు విన్న దినములలో నట్లెన్నడును జరుగలేదు.

"పట్టము పుచ్చుకొని కారపుపొడి యమ్ముకొందువా?" అని పొరుగింటి పెద్దమ్మ యడిగినది. మా నానమ్మ నేయి యమ్మెడిది. ఎవరికెన్ని సేర్లు పోసినదో వంటయింటి గోడపై బొగ్గుతో గీతలు గీసికొనెడిది. అక్షరము రాని యామెకు లేని సిగ్గు చదువుకొన్న నాకు వచ్చినచో, నా చదువు నాకేమి చేసినట్లు?

చిన్న పని యని తీసివేయువారికి నొక సంగతి. 1959వ సంవత్సరము మార్చి 15వ తేదీన బొంబాయి గిర్గామునందు ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు దెచ్చి, తాము గాపురముండు కట్టడపు మిద్దెమీద అప్పడములు చేయ మొదలిడిరి. తొలిదినమున దయారైనవి నాలుగు పొట్లములు. అదియే నేటి లిజ్జత్ సంస్థ. ఆ యేడుగురిలో నొకరైన జశ్వంతీబేన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ బిరుదము ప్రకటింపబడినది. వారిలో నెవరును మొదట గొప్ప పూనికకై కాచుకొని కూర్చుండలేదు. మధ్యాహ్నపు తీరికయు, చేతనైన పనియు వారి మూలధనము.

ఇక డబ్బు మాట. కుమార్తె పెండ్లికి లక్షలు వెచ్చించుటకు సంకోచింపని తలిదండ్రులు, ఆమె వ్యాపారమునకు యాబదివేలు పెట్టవలెనన్నచో నిదుర మానుకొందురు. కూతునకును పిత్రార్జితములో కొడుకుతో సమానమైన పాలు గలదని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లోనే చట్టము చేసినది. 2005లో దేశమంతటికిని అట్టి చట్టము వచ్చినది. ఆ పాలు కట్నముగా నితరుల చేతికి బోవుటకంటె, కొంతయైన నామె చేతిలో పెట్టుబడిగా నుండుట న్యాయము గాదా? ఇంట లేనివారికి 2015 ఏప్రిలులో మొదలైన ముద్ర పథకము క్రింద యాబదివేల వరకు తాకట్టు లేకయే అప్పు దొరకును. 2018 మార్చి 8వ తేదీన తెలంగాణ ప్రభుత్వము స్త్రీల వ్యాపారముల తోడ్పాటునకై హైదరాబాదులో వీ హబ్ నెలకొల్పినది. మా యమ్మ తన గాజులు కుదువబెట్టుదు నన్నది, నేనొప్పలేదు. నష్టము వచ్చినచో తీర్చవలసిన బాధ్యత నాదిగా నుండుట మేలని తోచి ముద్ర యప్పునకే దరఖాస్తు పెట్టితిని.

నాన్న నాకొక గడువిచ్చినారు. "వచ్చు ఉగాది వరకు నీ యిష్టము. అంతదనుక సంబంధము లెవరు తెచ్చినను ఆగుమనెదను. పిమ్మట నన్ను నిలుపవద్దు" అన్నారు. ఆ మాటలో ప్రేమయు గలదు, భయమును గలదు. ఉగాదినాటికి నా లెక్కపుస్తకము నిలుచునో, నిలువదో నేను చెప్పజాలను. నిలిచినచో పెండ్లియైనను నా పని నాతోడనే వచ్చునని, వచ్చిన సంబంధము వారితో ముందుగనే చెప్పుమని నాన్నను గోరితిని. ఆయన యింకను బదులు చెప్పలేదు.

తల్లులారా, అత్తలారా! మీ యింట చదువు ముగించిన పిల్ల యున్నచో, ఆమెకు ధైర్యవచనము లవసరము లేదు. ఒక మూల గదియు, ఒక యేడాది గడువును, కొనదలచిన నలుగురి పేర్లును ఇయ్యుడు. ఆమె వ్రాసిన లెక్క నొకసారి చదివి, కూలి యెక్కడ వ్రాసినావని మాత్ర మడుగుడు. మిగిలినది ఆమె చూచుకొనును.