తొలి కత్తి

చేతితో కత్తి చేయడానికి దారులు రెండు. ఒకటి కమ్మరి దారి: ఉక్కును కొలిమిలో కాల్చి, దాగలి మీద పెట్టి, సుత్తితో సాగగొట్టి రూపు తేవడం. రెండోది చదునైన ఉక్కు పట్టీ తీసుకుని, అక్కర్లేని మేర కోసేసి, మిగతాది ఆకురాయితో రాసి దించడం. సరదా కొద్దీ మొదలుపెట్టేవారికి రెండోదే తగిన దారి. సుత్తి దెబ్బ కుదరడానికి నెలలు పడుతుంది. ఆకురాయి మొదటి రోజు నుంచే మాట వింటుంది. పైగా దాని పని నెమ్మది కనుక, తప్పు కంటబడగానే చెయ్యి ఆపుకొనే వ్యవధి ఉంటుంది.

ముందు ఉక్కు సంగతి. ఇనుముకు పదను పట్టేది అందులోని కార్బన్ వల్ల. కిటికీ చువ్వల్లాంటి మెత్తని ఇనుములో అది 0.2 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి, ఎంత కాల్చి ముంచినా వాదర నిలవదు. కత్తికి 0.6 నుంచి 1 శాతం దాకా కావాలి. కొత్తవారికి 1084 రకం చాలా అనువైనది: సుమారు 0.84 శాతం కార్బన్, కొంత మాంగనీసు, అంతకు మించి చిక్కుల్లేవు. మన దగ్గర చాలామందికి ముందు తోచేది లారీ కమాను పట్టీ. ఊరి కమ్మరులు కత్తులకు వాడేదే కాబట్టి ఉక్కు మంచిదే. కానీ అది మందంగా, వంపు తిరిగి, ముందే గట్టిపడి ఉంటుంది. ఏళ్ల తరబడి బరువు మోసి, కంటికి కనబడని పగుళ్లు లోపల దాచుకుని ఉండవచ్చు. రోజుల తరబడి రాసిన తర్వాత అలాంటి పగులు బయటపడటం కంటే, రకం తెలిసిన 3 మిల్లీమీటర్ల కొత్త పట్టీ కొనడమే మేలు. ఉక్కు విషయంలో ఈ పట్టింపు ఈ నేలకు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు.

తొలి కత్తి చిన్నదిగా ఉండాలి. వాదర మూడున్నర అంగుళాలు, పిడి నాలుగున్నర అంగుళాలు ఉంటే కూరలకు, పళ్లకు చాలు. వాదర పొడవు 9 అంగుళాలు గానీ వెడల్పు 2 అంగుళాలు గానీ మించిన కత్తులు, వంటింటికి, సేద్యానికి, పరిశ్రమకు ఉద్దేశించినవి మినహా, మన ఆయుధ నిబంధనల కిందికి వస్తాయన్నదీ గుర్తుంచుకోవాలి. బొమ్మను ముందు మందపాటి అట్ట మీద గీసి, కత్తిరించి, కూర తరిగినట్టు చేతిలో ఆడించి చూడాలి. పిడి చాలకపోవడం, వేళ్ల కణుపులు పీటకు తగలడం అక్కడే తెలిసిపోతాయి.

ఆ అట్టను పట్టీ మీద పెట్టి గీత గీసి, హ్యాక్సా బ్లేడుతో కోసి, అంచులు ఆకురాయితో సరిచేయాలి. పిడి చీలలకు రంధ్రాలు ఇప్పుడే వేసుకోవాలి, గట్టిపడ్డాక డ్రిల్ దిగదు. వాదర నడుమ గీతకు ఒక సులువు ఉంది. పట్టీ ఎంత మందమో అంతే మందమున్న డ్రిల్ బిట్‌ను, పట్టీతో పాటు చదునైన బల్ల మీద పడుకోబెట్టి దాని మొనతో గీస్తే గీత సరిగ్గా మధ్యలో పడుతుంది. ఆ గీత దాకా రెండు వైపులా సమానంగా వాలు తీయడమే ఈ పనిలో అసలైన శ్రమ. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు ఎత్తి పట్టాలి. పళ్లకు సుద్ద రాస్తే ఉక్కు పొడి ఇరుక్కోదు, గీతలు పడవు. వాదరను మాత్రం పలచన చేసేయకూడదు. ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం ఉంచకపోతే ముంచేటప్పుడు వంకర పోతుంది, లేదా చిట్లుతుంది. ఇంత పనిలోనూ కళ్లద్దాలు, ముక్కుకు మంచి మాస్కు తీయకూడదు.

ఇక పదను పట్టించడం. చిన్న గ్యాసు కొలిమి చాలు. ఊళ్లో కమ్మరి కొలిమి ఉంటే ఇంకా మంచిది, అక్కడి అనుభవం ఏ పరికరానికీ రాదు. వెలుతురు తగ్గిన సాయంత్రం వేళ అయితే ఉక్కు రంగు సరిగా కనబడుతుంది. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది తెలిశాక ఇంకొంచెం, 815 డిగ్రీల దాకా, ఎరుపు నారింజ వైపు తిరిగేంతగా కాల్చి వెంటనే నూనెలో ముంచాలి. నీళ్లు ఈ ఉక్కుకు మరీ చురుకు, పగులుస్తాయి. 50 డిగ్రీలకు వెచ్చబెట్టిన వేరుశనగ నూనె సరిపోతుంది. ఇనుప డబ్బాలో పోసి, మూత పక్కనే ఉంచుకోవాలి, మంట లేస్తే కప్పడానికి. కత్తిని మొన కిందికి ఉంచి నిలువుగా దించి, పైకీ కిందికీ మాత్రమే ఆడించాలి. పక్కలకు ఊపితే ఒక వైపు ముందు చల్లారి వంగుతుంది. చల్లారాక వాదర మీద ఆకురాయి కోయకుండా జారిపోతే పదను పట్టినట్టు.

అప్పుడది గాజులాంటిది. కిందపడితే విరుగుతుంది. అందుకే అదే రోజు ఓవెన్‌లో 200 డిగ్రీల వద్ద రెండేసి గంటల చొప్పున రెండుసార్లు కాయాలి. తోమి మెరిపించిన ఉక్కు మీద ఎండుగడ్డి రంగు వస్తుంది. గట్టిదనం కొంచెం తగ్గి, పెళుసు పోతుంది.

పిడికి జిట్రేగి, టేకు, తుమ్మ, ఏదైనా బాగా ఆరిన చెక్క పనికొస్తుంది. రెండు చెక్కలను ఎపాక్సీ జిగురుతో అంటించి, ఇత్తడి చీలలు బిగించి, మర్నాటి దాకా కదపకుండా ఉంచి, అరచేతికి అమిరేదాకా రాయాలి. చివరగా అవిసె నూనె పట్టిస్తే చెక్క రంగు తేలుతుంది.

సానరాయి మీద ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో పదును పెట్టాలి. అవతలి వైపు అంచు వెంట సన్నని గరుకు వేలికి తగిలితే రెండో వైపు తిప్పాలి. ఈ ఉక్కు తుప్పు పట్టే రకం కాబట్టి వాడగానే కడిగి, తుడిచి, కాస్త కొబ్బరినూనె రాయాలి. నిమ్మకాయ, ఉల్లిపాయ తరిగే కొద్దీ దాని మీద నీలి బూడిద ఛాయ కమ్ముకుంటుంది. దాన్ని తోమేయనక్కర్లేదు, అది ఉక్కును కొంత కాపాడుతుంది. ఎర్రగా కనబడేదే తుప్పు.