ఊరకే పోవుట

ప్రయాణములు రెండు విధములు. పనిమీద పోవునవి కొన్ని, ఊరకే పోవునవి కొన్ని. మొదటివానికి మన దేశమున గౌరవము కలదు. పెండ్లికిగాని, వ్యాజ్యమునకుగాని, తీర్థమునకుగాని పోవువానిని ఎవరును ప్రశ్నింపరు. ఊరకే పోవువానిని మాత్రము లోకము వింతగా చూచును. అట్టి చూపులు మీద పడుచుండగా మేము ఒంటరిగా సైకిలుపై, ఈ వేసవిలో, నూజివీటి మామిడితోటల నడుమ రెండు దినములు తిరిగితిమి. ఆ తిరుగుటలో మాకు తోచిన యొక సంగతిని చదువరులకు విన్నవింపదలచితిమి.

నూజివీడు పూర్వము మేకావారి జమీందారీకి నెలవు. కృష్ణాజిల్లాలోనిదై యుండి, 2022లో ఏలూరు జిల్లాలో చేరినది. దక్షిణమునకు దిగిన కొలది కాలువలు, వరిమడులు, నల్లనేల. ఈ వైపున ఎఱ్ఱనేల, మెట్ట, అక్కడక్కడ తిప్పలు. నీరు నిలువని నేలయే మామిడికి హితము గనుక, వరికి కొఱగాని మెట్ట రసములకు పుట్టినిల్లైనది. చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము కోసి తినునవి కావు. మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, జుఱ్ఱుకొనునవి. బంగినపల్లి దూరపు విపణులకు పోవును. కలెక్టరుకాయ గుజ్జు తీయు కర్మాగారములకు పోవును.

మొదటినాడు ఆగిరిపల్లిలో, నృసింహస్వామి వెలసిన శోభనాచలము క్రింద, తెల్లవారకమునుపే బయలుదేరి, తారురోడ్డును విడిచి డొంకలు పట్టితిమి. తోటకును తోటకును నడుమ ట్రాక్టర్లు నడిచి రెండు గాడులు పడిన గరుసుబాటలివి. గాడిలో ఎఱ్ఱదుమ్ము, నడుమ గడ్డిమిట్ట, అంచుల గులకరాళ్లు. టైర్లలో గాలి నిండుగా నున్నచో సైకిలు రాళ్లపై గంతులు వేయును. కొంచెము తగ్గించినచో నేలను పట్టుకొని పోవును. వాలులో ముందుబ్రేకు గట్టిగా పట్టరాదు. పట్టినచో చక్రము జాఱును. ఇట్టి బాటలకే వెడల్పు టైర్లతో ప్రత్యేకమైన సైకిళ్లను నేడు చేయుచున్నారు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున, ఎంపోరియా పట్టణమునొద్ద, 2006లో గరుసుబాటలపై రెండువందల మైళ్ల పందెమొకటి మొదలై లోకప్రసిద్ధి నొందినది. మనవారికి గరుసుబాట కొత్త వేడుక కాదు. పాలు పోయువారు, బడిపంతుళ్లు, కూలివారు నల్లని ఇనుప సైకిళ్లపై తరతరములుగా దానినే త్రొక్కిరి.

మోటారుబండిలో పోవువానికి తోట పచ్చని గోడవలె కనబడును. సైకిలుపై పోవువానికి చెట్టు చెట్టుగా కనబడును; కోయిల కూతయు, రాలినకాయ పులిసిన వాసనయు, కాపలావాని దగ్గును తెలియును. దారి పొడుగునను మాకు ఒకటే ప్రశ్న. “ఎక్కడికండీ?” “ఊరకే” అని మా యుత్తరము. గేదెలను తోలుకొని పోవు ముసలాయన “ఇంత ఎండలో ఊరికేనా!” అని నవ్వెను. టీకొట్టు యజమాని రెండవ కప్పునకు డబ్బు పుచ్చుకొనలేదు. తోట కాపలావా డొకడు అడ్డదారి చూపుటకై మా వెంట చాలదూరము నడిచెను. పిచ్చివారమని తలచిన వారుందురేమో గాని, చెడ్డవారమని తలచిన వారొక్కరును లేరు.

రెండవనాడు మీర్జాపురము వైపు పోయితిమి. ఈ మీర్జాపురపు రాజాగారే మన శోభనాచలము పేర మద్రాసున చలనచిత్రములు తీసిరి. వారి సతీమణి సి. కృష్ణవేణి 1949లో ‘మనదేశం’ చిత్రమును నిర్మించిరి. నందమూరి తారక రామారావు తెరకెక్కినది దానితోనే. ఈ సీమ పేరు అంత దూరము పోయినదిగదా యని తలచుకొనుచు, ఎండ ముదిరిన వేళ ఒక తోటలో నీడకు దిగితిమి.

అచట కోత జరుగుచుండెను. మగవారు పొడుగు గడకు కట్టిన చిక్కముతో కాయను ముచ్చికతో సహా దించుచుండిరి. ముచ్చిక యూడినచో సొన కారి తోలు నల్లబడును. నల్లబడిన కాయకు ధర పోవును. స్త్రీలు నేలపై కూర్చుండి కాయలను ఏరి, గంపల కెత్తి, బాటదాక మోయుచుండిరి. వారిలో పదునైదేండ్ల బాలిక యొకతె, బడి సెలవులలో నాయనమ్మ వెంట కూలికి వచ్చినది. ఆమె చూపు చెట్టునకు చేరవేసిన మా సైకిలుమీద నున్నది.

“గేర్లెన్నండీ దీనికి?” అని యడిగినది.

“నీకు త్రొక్కుట వచ్చునా, అమ్మా?”

“బాగా వచ్చండి. నాకూ సైకిలుంది. అన్నయ్య పనికి వేసుకెళ్తాడు.”

ఎక్కి చూడు మంటిమి. నాయనమ్మ తలయూపగానే చున్నీ నడుమునకు చుట్టుకొని యెక్కినది. చెట్లవరుసల నడుమ కంచెదాక పోయినది. కంచె వెలుపల డొంక మొదలగును. అచట ఒక కాలు నేల మోపి, బాటవైపు కొంతసేపు చూచి, తిరిగివచ్చినది. డొంకమీదికి పోలేదేమని మేమడుగగా నాయనమ్మ బదులు చెప్పినది: “తోటలో ఎంతసేపైనా తొక్కుకోనీ బాబూ. డొంకమీద ఆడపిల్ల ఒక్కతే పోతే ఎక్కడికని అడుగుతారు. ఊరికే అంటే ఊరుకుంటారా? మాట పుడితే తుడవగలమా?”

మాకు నవ్వును టీని సంపాదించి పెట్టిన మాటయే ఆ బాలిక నోట నిందను సంపాదించును! బాట యదే, సైకిలు సహిత మదే.

ఆ ముసలమ్మను మూఢురాలని త్రోసివేయుట సులభము. కాని ఆమె భయము వట్టి ఊహ కాదు. పొలిమేర దాటిన పిమ్మట డొంకపై దీపము లేదు. తోటచాటున త్రాగువారు చేరుదురు. ఆపద కలిగినచో మొదటి నింద ఆడపిల్లపై పడును. మనుమరాలిని కాచుటకు ఆమె చేతనున్న ఉపాయము కదలనీయకుండుట యొక్కటే. అంతకన్న మేలైన ఉపాయమును ఆమెకు మనము చూపలేదు.

ఈ ఆక్షేపణ పాతది. 1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిన కాలమున, అక్షరము నేర్చిన ఆడుది చెడునని వాదించిన పెద్దలు పలువురు. 1885లో ఇంగ్లండున నేటి రూపపు సైకిలు వెలువడినది. స్త్రీలు దాని నెక్కరాదని అచటను గగ్గోలు పుట్టినది. స్త్రీల విమోచనమునకు సైకిలు చేసినంత మేలు లోకమున మఱియేదియు చేయలేదని 1896లో అమెరికా సంస్కర్త్రి సూసన్ ఆంథొనీ పలికెను. 1990 తరువాత తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాయందు అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నతపాఠశాల బాలికలకు సైకిలు కొనుటకు సొమ్మిచ్చుట మొదలిడగా, బడిలో చేరు బాలికల సంఖ్య దాదాపు మూడవవంతు పెరిగినదని పరిశోధకులు తేల్చిరి. మన రాష్ట్రమునను ‘బడికొస్తా’ యను పథకము క్రింద బాలికలకు సైకిళ్లు పంచిరి.

ఇవి యన్నియు మేలే. అయినను ఆ పేరునందే ఒక హద్దు కలదు. బడికి పోవుటకును బడినుండి వచ్చుటకును లోకము సమ్మతించినది. బడి ముగిసిననాడు సైకిలు అన్నగారిదైనది. పురుషునకు బాట హక్కు. స్త్రీకి బాట సెలవు. పని చూపినంతసేపే ఆ సెలవు చెల్లును.

“ఊరకే తిరుగుట అంత ఘనకార్యమా? తిండి, చదువు, కూలి ముందు కావలయును గదా” యని కొందఱనవచ్చును. ఆ తోటలోనే స్త్రీలకు మగవారికన్న కూలి తక్కువయని విచారించి తెలిసికొంటిమి. పక్క ఊరి తోటలో ఎంత యిత్తురో తాము పోయి కనుగొనలేనివారు, ఈ తోటలో చెప్పినంతకే తలయూపవలెను. బాట తెలియుట బేరము తెలియుటకు మొదలు. అదియునుగాక, మనుష్యునికి పొట్టతోపాటు కన్నులును కలవు.

చేయదగిన పనులు పెద్దవి కావు. బాలిక పేర నిచ్చిన సైకిలును బాలికకే యుంచవలెను. పంచాయతీలు డొంకల మలుపులలో దీపములు పెట్టించి, బాట నాక్రమించిన ముళ్లకంపను కొట్టింపవలెను. ఒక్కతె పోయినచో మాట పుట్టును. పదిమంది కలిసి నెలదినములు పోయినచో అది ఊరి యలవాటగును. పిమ్మట ఒక్కతెయైనను పోగలదు. పుదుక్కోట్టై మనకు చూపిన త్రోవ యిదియే.

బాటల వెంట మఱ్ఱిచెట్లను, మామిడితోటలను నాటించి, నూతులు త్రవ్వించితినని అశోకుడు స్తంభశాసనమున చెప్పుకొన్నాడు. అవి పశువుల కొఱకును, మనుష్యుల కొఱకును అని వ్రాయించెను. మగవారి కొఱకని వ్రాయింపలేదు. రెండువేల రెండువందల యేండ్లు గడచినవి. మామిడిచెట్టు తన నీడకు వచ్చినవారిని ఎక్కడికని యడుగదు. మనమును ఆ ప్రశ్నను మానుకొనవలెను.