సీసాలు రానియ్యని ఓడ

చెన్నై నుంచి వైజాగ్ క్రూయిజ్. ఎక్కేముందు నా రూమ్మేట్ మౌత్‌వాష్ డబ్బాలో వోడ్కా నింపాడు. "లోపల పెగ్గు రేటు చూశావా అబ్బయా? ఇది కాస్ట్ కటింగ్" అన్నాడు. స్కానింగ్ దగ్గరే దొరికిపోయాడు!

ఇందులో రహస్యమేం లేదు. ఓడకి బార్ పెద్ద ఆదాయం. రాయల్ కరీబియన్ లాంటివి మాత్రం ఎక్కే రోజు పెద్దవాళ్లకి తలా ఒక 750 మి.లీ. వైన్ సీసా రానిస్తాయి.

అర్ధరాత్రి డెక్ మీద మ్యాప్ తెరిచా. నీలి చుక్క కృష్ణపట్నం దాటి మైపాడు వైపు జరుగుతోంది. ఒడ్డు మాత్రం కనబడలా. ఆ ఒడ్డు నుంచి లోపలికి పోతే దూబగుంట. మా అవ్వది ఆ పక్క ఊరే. తాత కూలి డబ్బంతా సారా అంగడికే పోయేదంట. 1992లో జిల్లాలో సారా వేలంపాటల్ని అడ్డుకున్న ఆడోళ్లలో అవ్వ కూడా ఉంది. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించేశారు. ఆ మాటెత్తితే అవ్వకి ఇప్పటికీ కోపం.

ఇంతలో రూమ్మేట్ బిల్లు తిట్టుకుంటూ రెండు గ్లాసులు తెచ్చాడు.

వైజాగ్‌లో దిగి అవ్వకి ఫోన్ చేశా.

"ఓడలో సారా అంగడి లేదు గదా నాయనా?"

"బయటి సీసాలు రానియ్యరవ్వా" అన్నా.